కాలిఫోర్నియాలో పెళ్లి, కోనసీమలో కాపురం: విడిపోతున్న ఇద్దరు స్త్రీలకు విడాకులు ఎక్కడ, బిడ్డపై హక్కు ఎవరికి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ మీ భాగస్వామీ ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ గోదావరి జిల్లాల వారే. 2018లో కాలిఫోర్నియాలో చట్టప్రకారం వివాహం చేసుకున్నారు. 2021లో ఆమె దాత వీర్యంతో బాబును కన్నారు. అక్కడి జనన ధ్రువపత్రంలో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 2024 మొదట్లో ముగ్గురూ రాజోలు దగ్గరున్న మీ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. నాలుగు నెలల క్రితం ఆమె బాబును తీసుకుని పాలకొల్లులోని పుట్టింటికి వెళ్లిపోయి, ఇప్పుడు "వాడికీ నీకూ ఏ సంబంధమూ లేదు" అంటున్నారు. పుట్టింటివారు ఆమెకు పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నారు. ఇక్కడ విడాకులు దొరుకుతాయా, బాబును చూసే హక్కు మీకు ఉందా, ఇద్దరి పేరా ఉన్న కొబ్బరితోట ఏమవుతుంది అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ముందుగా సూటి జవాబు చెబుతాను. మన దేశంలో ఏ కోర్టూ మీకు విడాకులు ఇవ్వదు, ఎందుకంటే ఇక్కడి చట్టం దృష్టిలో మీకు పెళ్లే కాలేదు. విడాకులు కాలిఫోర్నియాలోనే తీసుకోవాలి. మీరిద్దరూ అక్కడ నివసించకపోయినా అందుకు దారి ఉంది. బాబు విషయం మాత్రం కాలిఫోర్నియా కోర్టు తేల్చదు, ఇక్కడి కోర్టే తేల్చాలి. ఇక్కడి కోర్టులో మీరు ఆమె భార్యగా గెలవలేరు. బాబును పుట్టిన రోజు నుంచి పెంచిన మనిషిగా, వాడి క్షేమం కోరి వచ్చిన వ్యక్తిగా వెళితే, కస్టడీ దొరకడం కష్టమే అయినా, క్రమం తప్పకుండా చూసే అవకాశం సాధించుకోగలరు. తోటలో మీ వాటాకు ఇబ్బంది లేదు.

నేను ఇరవై ఆరేళ్లుగా ఉభయ గోదావరి జిల్లాల కోర్టుల్లో కుటుంబ వ్యాజ్యాలు నడుపుతున్నాను. ఇటువంటి జంటల కేసులు చేతివేళ్లమీద లెక్కపెట్టేన్నే వచ్చాయి కాబట్టి, మీ వ్యాజ్యం ఎలా ముగుస్తుందో ముందే చెప్పగల స్థితిలో ఏ ప్లీడరూ ఉండడు. ఖాయంగా గెలిపిస్తానని ఎవరైనా ఫీజు అడిగితే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఇక కారణాలకు వస్తాను. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు, పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తప్పించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ సంబంధాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ లాంటిదే అసలు లేదు. కనుక మీరు కలిసి బతికిన సంగతిని చూపి పోలీసు కేసు పెడతామని పుట్టింటివారు బెదిరిస్తే ఆ బెదిరింపులో పస లేదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే, మేజర్లయిన ఇద్దరు స్త్రీలు తమ ఇష్టప్రకారం కలిసి జీవించవచ్చునని, ఇంటివారు అందులో జోక్యం చేసుకోరాదని ఒక హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే) వ్యాజ్యంలో చెప్పింది. అయితే నేరం కాకపోవడం వేరు, వివాహం కావడం వేరు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వివాహం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఏకాభిప్రాయంతో చెప్పింది. ప్రత్యేక వివాహ చట్టాన్ని గానీ, విదేశాల్లో జరిగే పెళ్లిళ్లకు సంబంధించిన 1969 నాటి చట్టాన్ని గానీ స్వలింగ జంటలకు వర్తించేలా చదవడానికి ఒప్పుకోలేదు. జంటగా దత్తత తీసుకునే హక్కు విషయంలో ఇద్దరు అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా నిలిచారు. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టివేశారు.

దీని పర్యవసానం మీకు ఇలా తగులుతుంది. హిందూ వివాహ చట్టం కింద విడాకుల పిటిషన్ వేస్తే, పెళ్లే లేనిచోట విడాకులేమిటని నంబరు కూడా వేయకుండా తిప్పి పంపుతారు. భరణం అడగలేరు. గృహహింస చట్టం కిందకూడా కష్టమే; ఆ చట్టంలోని "వివాహం వంటి సంబంధం" అన్న మాట పరిధిలోకి స్వలింగ సంబంధం రాదని 2013లో ఇంద్రా శర్మ కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. ఈ తలుపులన్నీ తట్టి అలసిపోకండి.

(చదువుతున్న మరికొందరి కోసం ఒక పక్కమాట. దంపతుల్లో ఒకరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయి, వారిది స్త్రీ పురుషుల జంట అయితే ఈ జవాబు వారికి వర్తించదు. అటువంటివారు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చునని సుప్రియో తీర్పులో ఐదుగురూ అంగీకరించారు. భర్త, అత్తమామల క్రూరత్వంపై ట్రాన్స్ మహిళ 498ఎ కింద ఫిర్యాదు చేయవచ్చునని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. వారికి విడాకులూ భరణమూ మామూలు దారిలోనే దొరుకుతాయి.)

మరి ఇక్కడ చెల్లని పెళ్లికి విడాకులు ఎందుకు అని మీరు అడగవచ్చు. అవసరమే, అమ్మా. ఇక్కడి చట్టం దృష్టిలో ఆమె అవివాహిత కనుక రేపు పాలకొల్లులో పురుషుణ్ణి పెళ్లి చేసుకుంటే అడ్డు ఉండదు. కానీ అమెరికా రికార్డుల్లో ఆమె మీ భార్యే. విడాకులు లేకుండా ఆ కొత్త పెళ్లి పత్రంతో అమెరికాలో వీసా దరఖాస్తు పెట్టినా, పన్ను రిటర్ను వేసినా, అక్కడ బతికున్న భార్య ఉండగా మరో పెళ్లి చేసుకున్నట్లే అవుతుంది. ఇదే చిక్కు మీకూ ఉంది. 2015 జూన్ 26 నాటి అమెరికా సుప్రీంకోర్టు ఒబర్గఫెల్ తీర్పు తరువాత మీ పెళ్లి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది కనుక, దాన్ని రద్దు చేయించుకోకుండా వదిలేస్తే మీరు ఎప్పుడు ఆ గడ్డమీద కాలుపెట్టినా అది మీ వెంటే వస్తుంది.

అక్కడ విడాకులకు సాధారణంగా ఒకరైనా కాలిఫోర్నియాలో ఆరు నెలలు, దాఖలు చేసే కౌంటీలో మూడు నెలలు నివసించి ఉండాలి. స్వలింగ జంటలకు మాత్రం ఆ రాష్ట్ర కుటుంబ చట్టం 2320వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఇచ్చింది: పెళ్లి కాలిఫోర్నియాలో జరిగి, ఇప్పుడు ఇద్దరిలో ఎవరూ తమ పెళ్లిని రద్దు చేయగల ప్రాంతంలో నివసించకపోతే, పెళ్లి జరిగిన కౌంటీ కోర్టులోనే విడాకులు కోరవచ్చును. మీకు సరిగ్గా సరిపోయే నిబంధన ఇది. ఎదుటి పక్షానికి నోటీసు అందిన తేదీ నుంచి గానీ, ఆమె కోర్టులో హాజరు దాఖలు చేసిన తేదీ నుంచి గానీ కనీసం ఆరు నెలలు గడవాలి. పాలకొల్లులో ఉన్న మనిషికి అమెరికా కోర్టు నోటీసు అధికారికంగా అందించాలంటే అది కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా రావాలి, అందుకు నెలలు పడుతుంది. ఆమె తనంతట తాను హాజరు దాఖలు చేస్తే ఆ జాప్యం పోతుంది. ఆమెకూ ఈ విడాకులు అవసరమే కనుక, మీ ఇద్దరి మధ్య పోట్లాట లేకుండా సాగగల పని ఇదొక్కటేనని నా అంచనా. మొదటి మాట దీనితోనే కలపండి.

కెనడాలో పెళ్లి చేసుకుని వచ్చినవారికీ ఇలాంటి దారి ఉంది. 2013లో చేసిన సవరణ ప్రకారం, తమ పెళ్లిని గుర్తించని దేశంలో ఉంటున్నందున అక్కడ విడాకులు పొందలేని జంట, ఏడాదిపాటు విడిగా ఉన్న తరువాత, పెళ్లి జరిగిన ప్రావిన్సు కోర్టును ఆశ్రయించవచ్చును.

ఇప్పుడు అసలు సంగతి, బాబు. విడాకులతోపాటు కస్టడీ కూడా కాలిఫోర్నియా కోర్టునే అడుగుదామని మీకు ఎవరో చెప్పినట్లు రాశారు. అది కుదరదు. అక్కడి చట్టం ప్రకారం బిడ్డ కస్టడీని తొలిసారి నిర్ణయించే అధికారం, వ్యాజ్యం మొదలయ్యే ముందు ఆరు నెలలుగా బిడ్డ నివసించిన రాష్ట్రానిది. పరాయి దేశాన్ని కూడా వారు ఇందుకు ఒక రాష్ట్రంగానే లెక్కవేస్తారు. బాబు రెండేళ్లకు పైగా గోదావరి గట్టునే ఉన్నాడు. ఒకవేళ అక్కడి ఉత్తర్వు ఏదో రీతిన తెచ్చుకున్నా, పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు పరిశీలించవలసిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ క్షేమమే ప్రధానమని 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఎలా తిరిగినా ఇక్కడి కోర్టు మెట్లే ఎక్కాలి.

ఇక్కడ మీకు ఎదురయ్యే గోడలను దాచకుండా చెబుతాను. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956 ప్రకారం సహజ సంరక్షకులు తండ్రి, తల్లి మాత్రమే. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది ఆ చట్టం. తల్లి అంటే కోర్టుకు కన్నతల్లే. 2015లో ఏబీసీ కేసులో సుప్రీంకోర్టు, పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు ఏకైక సంరక్షకురాలు కావచ్చునన్నది. ఒంటరి తల్లులకు మేలు చేసిన ఆ తీర్పు, మీ వ్యాజ్యంలో ఆమె చేతి ఆయుధం అవుతుంది. వీటన్నిటికంటే ఎత్తైన గోడ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 19వ సెక్షన్: తండ్రి గానీ తల్లి గానీ బతికుండి, వారు అనర్హులని కోర్టు భావించనంతవరకు, బిడ్డ సంరక్షణకు మరొకరిని గార్డియన్‌గా నియమించకూడదు. మీ భాగస్వామి అనర్హురాలని నిరూపించాలంటే మీరు ఆమెపై బురద చల్లాలి. ఆ పని చేయవద్దని నా సలహా. అది నిలవదు సరికదా, మీ సంబంధంపై ఆమె తరఫు ప్లీడరు అంతకు రెట్టింపు చల్లుతాడు, మధ్యలో బాబు నలుగుతాడు.

గోడలో ఉన్న కిటికీలు ఇవి. అదే 1890 చట్టం 8వ సెక్షన్ ప్రకారం పిటిషన్ వేయడానికి రక్తసంబంధం అక్కరలేదు. "మైనరు బంధువు లేదా స్నేహితుడు" ఎవరైనా వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లోని 7వ సెక్షన్, మైనరు సంరక్షణ, కస్టడీలతోపాటు మైనరును కలుసుకునే అవకాశానికి సంబంధించిన వ్యాజ్యాలనూ ఆ కోర్టు పరిధిలో చేర్చింది. అడిగేవారు తల్లిదండ్రులే అయి ఉండాలని అక్కడ లేదు. 1956 చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. ఈ సూత్రాన్ని పట్టుకునే 2008లో నీల్ రతన్ కుందు కేసులో సుప్రీంకోర్టు, తండ్రి సహజ సంరక్షకుడైనంతమాత్రాన బిడ్డను అప్పగించలేమని, అమ్మమ్మ తాతయ్యల పక్షాన నిలిచింది. 2024లో ఒడిశా నుంచి వెళ్లిన షాజియా అమన్ ఖాన్ కేసులో, పసితనం నుంచి మేనత్త దగ్గర పెరిగిన పద్నాలుగేళ్ల అమ్మాయిని కన్నతండ్రి కోరినా పంపలేదు. ఆమె అలవాటుపడిన ఇంటికి, ఆమె ఇష్టానికి విలువ ఇచ్చింది. ఇవేవీ స్వలింగ జంటల తీర్పులు కావు. అయినా కన్నవారు కానివారు పెంచిన బంధానికి కోర్టు బరువు ఇచ్చిన సందర్భాలు కనుక మీ ప్లీడరు వీటిమీదే నిలబడాలి.

అందుచేత పిటిషన్‌లో కోరికలను నేనైతే ఇలా అమరుస్తాను. గార్డియన్‌గా నియమించమన్న కోరికను ఉంచినా దానిమీద ఆశ పెట్టుకోను. ప్రధాన బలమంతా బాబును కలుసుకునే ఏర్పాటు మీద పెడతాను: వారానికి ఒక పగలు, రెండు మూడు వీడియో కాల్స్, పండుగ సెలవుల్లో కొన్ని రోజులు, చదువు, వైద్యం విషయాల్లో సమాచారం. దానితోపాటే మధ్యంతర దరఖాస్తు కూడా అదే రోజు దాఖలు చేస్తాను. ప్రధాన పిటిషన్ వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఏళ్లు పట్టవచ్చు; నాలుగేళ్ల పిల్లవాడి జ్ఞాపకం అంతకాలం మీకోసం ఆగదు. ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి. ఆమె బాబుతో ఉన్న ప్రతి నెలా "అలవాటైన ఇల్లు" అన్న వాదన మీ పక్షం నుంచి ఆమె పక్షానికి జరిగిపోతుంటుంది.

ఎక్కడ వేయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించి పెద్ద తగాదా అవుతుంది. 1890 చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ సాధారణంగా నివసించే చోటి కోర్టుకే అధికారం. చించినాడ వంతెన దాటితే జిల్లా మారుతుంది, జిల్లాతో కోర్టూ మారుతుంది. రెండేళ్లు బాబు ఉన్నది ఇవతలి గట్టున. ఒకరు తాత్కాలికంగా అవతలికి తీసుకెళ్లినంతమాత్రాన సాధారణ నివాసం మారదని వాదించవచ్చు, నాలుగు నెలల వరకు ఆ వాదన నిలుస్తుంది కూడా. కానీ బాబును అక్కడ బడిలో చేర్చి ఏడాది గడిస్తే నిలవదు. అధికార పరిధి మీదే ఆరు నెలలు వాదించుకునేకన్నా నేరుగా అవతలి జిల్లా కోర్టులో వేయడమే మేలని కొందరికి చెప్పి ఉన్నాను. మీ విషయంలో మాత్రం ఈ రెండు మూడు వారాల్లో వేయగలిగితే ఇవతలే వేయమంటాను. అంగన్‌వాడీ రిజిస్టరూ, టీకాల కార్డూ ఇక్కడివే కదా.

మీ సంబంధాన్ని పిటిషన్‌లో ఏమని రాయాలి? ఇక్కడ నా అభిప్రాయం కాలక్రమంలో మారింది. సుమారు పదేళ్ల క్రితం నా దగ్గరకు ఒక నర్సు వచ్చారు. మస్కట్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి, ఊళ్లో తనతో కలిసి ఉంటున్న ఒక వితంతువునూ ఆమె కూతురినీ పోషించారు. ఇద్దరూ విడిపోయాక ఆ పాపను చూడనివ్వలేదు. అప్పటికి 377వ సెక్షన్ ఇంకా ఉంది కనుక, 8వ సెక్షన్‌లోని "స్నేహితురాలు" అన్న మాట చాటున పిటిషన్ వేశాను. పరస్పర సంబంధం గురించి ఒక్క ముక్క రాయలేదు. అవతలి పక్షంవారు కూడా పరువు పోతుందని ఎత్తలేదు. న్యాయమూర్తి ఆ తొమ్మిదేళ్ల పాపను తన గదిలోకి పిలిచి మాట్లాడారు. పాప ఏం చెప్పిందో మాకు తెలియదు. బయటికి వచ్చాక ఆయన రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, నెలకు రెండో ఆదివారం పాపను పంపేలా, వారానికి ఒకసారి ఫోను చేసుకునేలా రాజీ రాయించారు. ఆ రాజీ పాప పదోతరగతి దాకా నడిచింది.

ఆనాడు పని జరిగింది గానీ, ఈనాడు మీకు ఆ చాటు పనికిరాదు. జనన ధ్రువపత్రమే మీ ప్రధాన సాక్ష్యం, అందులోనే అంతా ఉంది. స్నేహితురాలినని ప్రమాణపూర్వకంగా చెప్పి, అడ్డుప్రశ్నల్లో పెళ్లి సంగతి బయటపడితే మీరు అబద్ధమాడిన మనిషిగా మిగులుతారు. ఉన్నది ఉన్నట్లు, అలంకారాలు లేకుండా రాయించండి. కుటుంబ న్యాయస్థానాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఏ పక్షం కోరినా విచారణ మూసిన తలుపుల వెనక జరపాలి. మొదటి వాయిదాలోనే ఆ దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఆవరణలో చెట్టుకింద కూర్చున్నవారందరికీ మీ సంగతి తెలియవలసిన పనిలేదు.

సాక్ష్యాల విషయానికి వస్తే, కాలిఫోర్నియా జనన ధ్రువపత్రానికి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం నుంచి అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ఇతర దేశాలకు ధ్రువీకరించే ముద్ర) వేయించి తెప్పించండి. దానిలో మీ పేరు ఉన్నందువల్ల ఇక్కడి కోర్టు మిమ్మల్ని తల్లి అనకపోవచ్చు, కానీ దారినపోయే మనిషి అని మాత్రం అనలేదు. మీరు మరో పని కూడా చేసి ఉంటే ఇంకా బాగుండేది: ధ్రువపత్రం మీద ఆధారపడకుండా అక్కడి కోర్టులో, మిమ్మల్నీ తల్లిగా ఖాయపరిచే ధ్రువీకరణ దత్తత ఉత్తర్వు తీసుకోవడం. కాలిఫోర్నియాలో దానికి సులువైన పద్ధతి ఉంది. ధ్రువపత్రం ఒక నమోదు మాత్రమే, ఉత్తర్వు కోర్టు తీర్పు. సమర్థమైన విదేశీ కోర్టు తీర్పును మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద ఇక్కడి కోర్టు ముందు పెట్టి కనీసం వాదించడానికి వీలుంటుంది. అమెరికాలో ఉండి ఇది చదువుతున్న జంటలు, కలిసి ఉన్నా సరే, ఆ ఉత్తర్వు తీసుకోండి.

మిగిలిన సాక్ష్యాలు ఇంట్లోనే దొరుకుతాయి: టీకాల తేదీల్లో బాబును ఎత్తుకెళ్లింది ఎవరో తెలిపే ఆసుపత్రి చీటీలు, జ్వరమొచ్చిన రాత్రి డాక్టరుకు పెట్టిన సందేశాలు, అంగన్‌వాడీ టీచరు, పక్కింటివారు. ఫోన్ సందేశాలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అది లేక మంచి సాక్ష్యాలు పక్కకు పోవడం తరచూ చూస్తున్నాను. ఇంకొకటి, ఈ నెల నుంచే బాబు ఖర్చుకు ఆమె ఖాతాలో డబ్బు వేయండి, బ్యాంకు ద్వారానే వేయండి. ఆమె తిప్పి పంపినా మళ్లీ వేయండి. బిడ్డ కావాలని అడిగి, బిడ్డ అన్నం సంగతి ఎత్తని పిటిషన్‌ను న్యాయమూర్తులు ఎలా చూస్తారో నాకు తెలుసు.

చేయకూడని పని ఒక్కటే ఉంది. బాబును బడి దగ్గరనుంచో గుడి దగ్గరనుంచో తీసుకొచ్చేయకండి. మీ మనసులో ఆ ఆలోచన ఉన్నట్లు మీ ప్రశ్న చివరి వాక్యం చెబుతోంది. ఒక మేనమామ అలా చేశాడు, నేను వద్దని చెప్పిన మర్నాడే. అక్క చనిపోయాక తానే పెంచిన పిల్లవాడు, న్యాయం చాలావరకు అతని పక్షానే ఉంది. సాయంత్రానికి చట్టబద్ధ సంరక్షకుడి దగ్గరనుంచి అపహరించాడని కేసు నమోదైంది. తరువాత మూడేళ్లూ సంరక్షణ పిటిషన్‌లో మేము ఏం మాట్లాడబోయినా ఆ ఎఫ్ఐఆర్ కాపీయే అడ్డొచ్చింది. మీరు అతనికంటే బలహీనమైన స్థితిలో ఉన్నారు. హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయమన్న సలహాను కూడా పక్కన పెట్టండి. కన్నతల్లి దగ్గరున్న బిడ్డ అక్రమ నిర్బంధంలో ఉన్నాడని ఎవరూ ఒప్పుకోరు.

మీ చేతిలో ఉందని మీకు తెలియని ఒక సంగతి చెప్పాలి. బాబు అమెరికా పౌరుడు. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది, కొత్తది తీసుకోవాలంటే తల్లిదండ్రులుగా నమోదైన ఇద్దరి సమ్మతీ కావాలి. 2021లో పుట్టినవాడు కనుక ఆ సమయం దగ్గరపడింది. హైదరాబాద్ కాన్సులేట్‌లో మీ సంతకం లేకుండా మామూలుగా ఆ పని జరగదు. మీకు చెప్పకుండా పాస్‌పోర్టు దరఖాస్తు పెడితే మీకు తెలియజేసేలా పేరు నమోదు చేసుకునే ఏర్పాటు కూడా అమెరికా విదేశాంగ శాఖలో ఉంది, నమోదు చేసుకోండి. అయితే సంతకాన్ని బేరానికి పెట్టకండి. అడిగిన వెంటనే పెట్టి, పెట్టిన సంగతిని లిఖితపూర్వకంగా తెలియజేయండి. అవతలి దేశ ప్రభుత్వం ఇప్పటికీ మిమ్మల్ని తల్లిగా పరిగణిస్తున్నదన్న సంగతికి, మీరు ఆ స్థానాన్ని దుర్వినియోగం చేయలేదన్న సంగతికి ఆ కాగితం ఒక్కటే రెండు సాక్ష్యాలు.

తోట సంగతి త్వరగా ముగిస్తాను. ఇద్దరి డబ్బుతో ఇద్దరి పేరా రిజిస్టరైన ఆస్తిలో, ఎవరెంత పెట్టారో ఋజువైతే ఆ నిష్పత్తిలో, లేకపోతే సమానంగా వాటాలుంటాయని ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. ఆమె ఒప్పుకుంటే విభజన దస్తావేజు, లేకపోతే భాగపరిష్కార దావా. పెళ్లితో దీనికి నిమిత్తం లేదు. మీరు అదృష్టవంతులు, ఎందుకంటే మండపేట వైపు ఒకావిడ కువైట్ నుంచి పంపిన డబ్బుతో నలభై సెంట్లు కొని, మొత్తం తన సహచరి పేరనే పెట్టారు. భార్య పేరనో భర్త పేరనో బిడ్డల పేరనో కొంటే బేనామీ చట్టంలో మినహాయింపు ఉంది, సహచరికి లేదు. డబ్బు నాదని దావా వేస్తే అది బేనామీ అని తానే ఒప్పుకున్నట్లవుతుంది, వేయకపోతే భూమి పోతుంది. ఆవిడకు నేను దావా వేయవద్దనే చెప్పాల్సి వచ్చింది, ఇన్నేళ్ల వృత్తిలో నాకు బాగా చేదుగా మిగిలిన సలహా అది.

కలిసే ఉన్న జంటలకు రెండు మాటలు. జంటగా దత్తత తీసుకునే వీలు లేదు. ఒక్కరి పేరునే తీసుకోవాలి, ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. కన్నతల్లి తన బిడ్డను సహచరికి హిందూ దత్తత చట్టం కింద దత్తు ఇస్తే ఇద్దరూ తల్లులవుతారని కొందరు అనుకుంటున్నారు. దత్తు ఇచ్చిన క్షణమే ఆమె తన తల్లి స్థానం కోల్పోతుంది, ఆపైన దాన్ని రద్దు చేసుకునే వీలూ ఉండదు. ఒంటరి స్త్రీగా ఐవీఎఫ్ ద్వారా బిడ్డను కనే అవకాశం 2021 నాటి చట్టం ఇచ్చింది, ఆ కాగితాల్లో రెండో మనిషికి చోటు లేదు. అందుచేత కన్నతల్లి వీలునామాలో తన తదనంతరం సంరక్షకురాలిగా సహచరి పేరు రాసి ఉంచడం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, నామినీ నమోదు ఇవన్నీ సఖ్యంగా ఉన్నప్పుడే చేసుకోవాలి. ఉమ్మడి ఖాతాకూ నామినీకీ అభ్యంతరం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే స్పష్టం చేసింది. వీలునామా మరణం తరువాతే పనిచేస్తుంది, విడిపోయినప్పుడు కాదు అన్నది గుర్తుంచుకోండి.

మళ్లీ మీ సంగతికి. ఎల్లుండి లోపల ఆమెకు ఒక ఉత్తరం రాయండి, ప్లీడరు నోటీసు కాదు, మీ చేతి ఉత్తరం: కాలిఫోర్నియా విడాకులకు మీరు సిద్ధమనీ, ఖర్చు సగం మీదనీ, బాబును ఆదివారాలు కలవాలని కోరుకుంటున్నారనీ, నరసాపురంలోనో పాలకొల్లులోనో ఆమె చెప్పిన పెద్దమనిషి ఇంట్లో కలవడానికైనా అభ్యంతరం లేదనీ. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే పిటిషన్ వేయండి. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, జూన్‌లో బడులు తెరుస్తారు. బాబును ఎల్‌కేజీలో చేర్చే దరఖాస్తులో తల్లి పేరుకు ఒక గడి, తండ్రి పేరుకు ఒక గడి ఉంటాయి. ఆ రెండో గడిలో ఎవరి పేరో రాయకముందే మీ పిటిషన్‌కు నంబరు పడి ఉండాలి.